గుండె పెట్టుకున్న దరఖాస్తు

పోయిన మంగళవారం పొద్దున మా ఇంటికి రక్తం తీసుకోవడానికి ఒక కొత్తమ్మాయి వచ్చింది. పరగడుపున కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాను. ఆమె రబ్బరు పట్టీ కట్టింది, మోచేతి మడతలో రెండుసార్లు తట్టింది, స్పిరిట్ దూది అద్దింది, సూది దింపింది. పని తెలిసిన పిల్ల. తప్పు పట్టడానికేమీ లేదు. నేను మాత్రం సూది దిగాక కూడా ఇంకా దేనికోసమో ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆరేళ్ళుగా ఈ పని నాకు మరోలా మొదలయ్యేది. ముందు మణికట్టు మీద మూడు వేళ్ళు వచ్చి వాలేవి.

"ఎప్పుడూ వచ్చే మనిషి రాలేదేమ్మా?" అన్నాను.

"అన్న లేడు సార్," అంది ట్యూబు మారుస్తూ. "పోయిండు. నెల దాటింది."

"పోవడమేమిటి?"

"పొద్దుగాల సెంటర్ల బాక్సు సదురుకుంటున్నడు. దమ్మొస్తుంది, జర కూసుంట అన్నడు. రక్తం తీసే కుర్చీ ఉంటది గద, దాంట్లనే కూసున్నడు. చెయ్యి పెట్టే పలక మీద చెయ్యి పెట్టుకున్నడు. గట్లనే పోయిండు."

ఆమె ఇంకొక మాట కూడా చెప్పింది. దాని దగ్గరికి చేరడానికి నాకు కొంత ధైర్యం కావాలి. అందుకని ముందు అతని గురించి రాస్తాను.

అతనికి పేరుంది. ఇక్కడ రాయను. ఆ పేరు చెప్పవలసిన చోటు ఒకటి వచ్చింది. చెప్పవలసిన మనిషి ఎదురుగా కూర్చుని అడిగాడు కూడా. అప్పుడు నాకు నోరు రాలేదు. మనిషి పోయాక అచ్చులో పేరు వేసి గౌరవించాననుకోవడం నాకిష్టం లేదు.

యాభై దాటిన మనిషి. చిక్కడపల్లి సందులో ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రంలో పని. తెల్లారేసరికి స్కూటరు మీద కాళ్ళ మధ్య ఐస్ డబ్బా పెట్టుకుని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్ళన్నీ తిరిగేవాడు. మూడు నెలలకొకసారి నా వంతు. సూది గుచ్చే ముందు అందరూ చెప్పే అబద్ధం అతను చెప్పేవాడు కాదు. "నొప్పి ఉంటది సార్. జరసేపే," అనేవాడు. ఆ ఒక్క మాటకే మొదటిరోజు నాకు నచ్చాడు. తీసిన రక్తాన్ని ఊదామూత ట్యూబులో పట్టి, తలకిందులు చేసి లేపి, మళ్ళీ చేసి, పైకి వినబడేలా ఎనిమిది లెక్కపెట్టేవాడు. మా ఆవిడ వంటింట్లోంచి "తొమ్మిది" అని కలిపేది. "తొమ్మిదైతే నురగొస్తదమ్మా," అనేవాడు నవ్వకుండా.

ఒకసారి వచ్చీరాగానే నా మొహం చూసి, "రెండు దినాల సంది నెయ్యి, పచ్చళ్ళు బంద్ పెట్టిన్రా సార్?" అన్నాడు.

"ఎలా కనిపెట్టావయ్యా?"

"కనిపెట్టుడేంది, ఫోన్ల అమ్మనే చెప్పింది. రక్తమిచ్చే ముందు రెండు దినాలు బుద్ధిగ ఉండి, ఇచ్చినంక హోటల్ల పూరీలు తినేటోళ్ళు ఈ బస్తీల మస్తుమంది ఉన్నరు. ఈ అశోక్‌నగర్ పిల్లలంటే నౌకరీ కోసం పరీక్షకే బతుకుతున్రు. మీకేమొచ్చింది సార్?"

నేను ముప్పై ఏళ్ళుగా వేదికలెక్కి మూఢనమ్మకాల మీద మాట్లాడుతున్నవాణ్ణి. చేతిలో బూడిద పుట్టించేవాళ్ళతో, తాయెత్తులమ్మేవాళ్ళతో వాదించి నోళ్ళు మూయించాను. ఆ వేళ నా నోరు మూతపడింది. రక్తపరీక్ష కాగితాన్ని నేను శాస్త్రమనుకుంటున్నాను కానీ, దాని ముందు ప్రవర్తించింది మాత్రం ముడుపు కట్టిన భక్తుడిలా.

మూడు వేళ్ళ సంగతికొస్తాను. మణికట్టు మీద వేళ్ళుంచి కళ్ళు మూసుకునేవాడు. ఒక నిమిషం, ఒకటిన్నర. కేంద్రంవాళ్ళు చెయ్యమన్న పని కాదది. ఎందుకని అడిగితే ఇలా చెప్పాడు: "సూది గుచ్చేది రక్తం తిరిగొచ్చే దారిల సార్. నేను పట్టి చూసేది పోయే దారి. పోయే దారి ఎట్లుందో తెల్వకుండ తిరిగొచ్చినదాన్ని సీసల పట్టి ఏం లాభం?" కొందరి ధమని వేళ్ళ కింద మెత్తగా లేచి పడుతుందట. కొందరిది కర్రలా తాకుతుందట. ఏళ్ళ తరబడి వేల చేతులు పట్టుకున్న వేళ్ళకి ఆ తేడా తెలిసిపోతుందట.

అతని తెలివి నాకు అర్థమైంది మా అపార్టుమెంటు మోటారు వల్ల. నీళ్ళమోటారు ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ కొత్తది బిగించారు. మూడోది మూలుగుతుంటే అతను డబ్బా కింద పెట్టి, మెట్ల పక్కన పైకి పోయే గొట్టాన్ని అరచేత్తో తడిమి చూశాడు. "మోటరు మంచిగనే ఉన్నది సార్. పైపు సంగతి చూడున్రి. మోటరును ఒక్కదాన్నే ఎన్నిసార్లు మారుస్తరు?" అన్నాడు. సంఘం కార్యదర్శి, "నువ్వు రక్తం తియ్యవయ్యా, నీళ్ళు మేం చూసుకుంటాం," అని నవ్వాడు. మూడోదీ కాలింది. అప్పుడు గొట్టం కోయించారు. లోపల బోరునీళ్ళ సున్నం పేరుకుని చిటికెనవేలు పట్టేంత సందు మిగిలింది.

ఆ వారం నేను పదిమందితో చెప్పాను: శాస్త్రీయ దృష్టి అంటే ఇదీ, చదువుతో పనిలేదు, చూసి తాకి ఆలోచించేవాడే శాస్త్రవేత్త అని. గొట్టం విషయంలో అతన్ని శాస్త్రవేత్త అన్నాను. గుర్తుంచుకోండి.

గుండెనీ ధమనినీ అతను ఎప్పుడూ విడదీసి మాట్లాడలేదు. "అందరు గుండె, గుండె అంటరు. గుండె కొట్టేది దేంట్లకి? ఆ గొట్టం మెత్తగుంటే గుండె ఒక్క నూకుడు నూకి జర దమ్ము తీసుకుంటది. గట్టిపడ్డదనుకోన్రి, కొట్టిన ప్రతి దెబ్బ దానికే తిరిగి తగులుతది. నీళ్ళ పైపు సన్నబడ్డది, ఇది గట్టిపడుతది. మోటరుకు రెండూ ఒక్కటే పరేషాన్." గుండెమీద అలా భారం పడితే దాని కండరం ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. కండరం చచ్చిపోతే వదిలేది వేరొకటి. ఈ రెంటి తేడా నాకు ఎన్ని వ్యాసాలు చదివినా ఎక్కలేదు. అతను రెండు ముక్కల్లో ఎక్కించాడు.

"ఒకటి ఎఫ్‌ఐఆర్ సార్. దెబ్బ తగిలినంక రాసేది. ఇంకోటి దరఖాస్తు. నాకు బరువైతుంది, జర చూడున్రి అని గుండె ముందుగాల పెట్టుకునేది. ఈ గల్లీల ఇంతమంది దరఖాస్తులు పెడ్తరు గద, గుండె గూడ పెడ్తది, రక్తంల. ఎఫ్‌ఐఆర్ లేదు గద, ఏం కాలేదు పో అంటరు. దరఖాస్తు ఎవ్వరు చదవరు."

రెండేళ్ళ కిందట అతను మా మూడో అంతస్తుకి వస్తూ రెండో అంతస్తు దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. ఫోను చూసుకుంటున్నట్టు నిలబడేవాడు. ఫోను తెర వెలిగి ఉండేది కాదు. బూట్లూ మేజోళ్ళూ విప్పి లోపలికొస్తే మేజోళ్ళ అంచు దిగినచోట కాళ్ళమీద లోతుగా గాడి. మా ఆవిడ చూసి, "నీ కాళ్ళేమిటయ్యా అలా ఉన్నాయి?" అంటే, "స్కూటరు మీద వేలాడి వేలాడి అమ్మా," అన్నాడు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున రక్తం తీయడం అయ్యాక లేవలేదు. డబ్బా మూసి దానిమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"సార్, మీతోని ఒక పని పడ్డది."

"చెప్పు."

"నాకు పండుకుంటె దమ్ము ఆడుతలేదు. కుర్చీల కూసోనే నిద్రపోతున్న. నా నాడి నేను పట్టి చూసుకున్న, రాయి లెక్క తాకుతుంది. నా రక్తం నేనే తీసుకొని పరీక్షకు ఏసిన. ఎఫ్‌ఐఆర్ లేదు. దరఖాస్తు మాత్రం మస్తు పెద్దగ ఉన్నది." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "నారాయణగూడల మీ దోస్తు డాక్టరు ఉన్నడు గద, ఆయన తానికి పోయిన. ఎకో తీసిండు. పంపింగ్ మంచిగున్నది, గ్యాసు, భయం అన్నడు. ఈ కాగితం చూపిచ్చిన. ఈ పరీక్ష ఎవరు రాసిన్రు అని అడిగిండు. నేనే అన్న. మడిచి చేతిల పెట్టిండు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"మీరు సభలల్ల అంతమందితోని వాదిస్తరు. నా తరఫున ఆయనతోని ఒక్కసారి వాదించున్రి. నా మాట ఇనడు. మీ మాట ఇంటడు."

ప్రాణం మీదికొచ్చి మనిషి అడిగిన మాట అది. నేనేమన్నానో రాస్తాను, ఒక్క అక్షరం మార్చకుండా. "చూడవయ్యా, డాక్టరు యంత్రం పెట్టి చూశాడు, బాగుందన్నాడు. నువ్వు వేలితో నాడి పట్టి బాలేదంటున్నావు. అందులో శాస్త్రం ఏది?" అతను కాగితం కేసి చూశాడు. కాగితం కూడా ఉంది కదా సార్ అనలేదు. ఆ మాట నాకు తట్టనూ లేదు. అప్పటికే నా మెదడులో 'నాడి' అనే మాట చేరి, దాని వెనక తాళపత్రాలవాళ్ళూ జోస్యులూ వరసకట్టారు. ఎందుకంటే ఆ సాయంత్రం నారాయణగూడలో నా ఉపన్యాసం ఉంది, నాడి చూసి జాతకం చెప్పేవాళ్ళ మోసాల మీద.

"సాయంత్రం సభకి రా. తర్వాత మాట్లాడదాం," అన్నాను.

సభ బాగా సాగింది. జనం చప్పట్లు కొట్టేకొద్దీ నాకు ఉదాహరణలు దొరుకుతాయి. "ఈ జాడ్యం ఎంతదాకా వచ్చిందంటే," అన్నాను, "రోజూ యంత్రాల మధ్య తిరిగే మనిషి, పదిమందికీ రక్తపరీక్షలు చేసే మనిషి, పొద్దున మా ఇంట్లో కూర్చుని, యంత్రం తప్పు, నా వేళ్ళే ఒప్పు అన్నాడు!" ముందు వరసలో ఉన్న నా డాక్టరు మిత్రుడితో సహా హాలు ఘొల్లున నవ్వింది. నవ్వు సద్దుమణుగుతుంటే చివరి వరసలో కనిపించాడు, ఒళ్ళో ఐస్ డబ్బాతో. రమ్మన్నది నేనే. అతను నవ్వలేదు, లేచి వెళ్ళనూ లేదు. సభ అయిపోయేదాకా కూర్చున్నాడు. నేను దండలు, కరచాలనాలు ముగించుకుని వచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీ.

ముప్పై ఏళ్ళ వాదనల్లో నేను గెలిచినవన్నీ మోసగాళ్ళ మీద గెలిచాననుకునేవాణ్ణి. ఆ వేళ గెలిచింది ఊపిరాడని మనిషి మీద.

మూడు నెలలకి మళ్ళీ వచ్చాడు. రబ్బరు పట్టీ కట్టాడు. మణికట్టు ముట్టుకోలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, ఈసారి ఆయన చెయ్యి పట్టుకోవా?" అంది.

"సారుకు నచ్చదమ్మా. నాడి చూసేటోళ్ళంటె."

"నీకెవరు చెప్పారు?"

"మైకులనే చెప్పిండు."

మా ఆవిడ నాకేసి చూసిన చూపు ఇక్కడ వర్ణించను. "ఆయనకి నచ్చకపోతే మానె. నాకు నచ్చుతుంది. పట్టుకో," అంది.

పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిమిషం, రెండు నిమిషాలు. కళ్ళు తెరిచి, "సార్, బీపీల పైది పెరుగుకుంట, కిందిది తగ్గుకుంట వస్తుందా?" అన్నాడు. అవునన్నాను. "మీది గూడ గట్టిపడ్డది. మూడేండ్ల సంది చూస్తున్న. జర ఆ పరీక్ష గూడ ఏస్త," అని ఇంకొక ట్యూబు తీశాడు. మర్నాటికి కాగితం వచ్చింది. నా గుండె కూడా దరఖాస్తు పెట్టుకుంది. నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నేను నాకు కూడా చెప్పుకోలేదు అప్పటిదాకా.

ఆ సాయంత్రం తన స్కూటరు మీద నన్ను ఆ నారాయణగూడ డాక్టరు దగ్గరికే తీసుకుపోయింది అతనే. వద్దన్నా వినలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు రద్దీలో అతని వీపు వెనక కూర్చుంటే ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడింది. "పైకి రా," అన్నాను. "మీరు పోయి రాన్రి సార్. నేనొస్తే మీ మాట గూడ ఇనడు," అని కింద మెట్ల మీద కూర్చున్నాడు.

డాక్టరు నా కాగితం శ్రద్ధగా చదివాడు. ఎకో తీశాడు. "పంపింగ్ బాగానే ఉందండీ. కానీ కండరం దళసరి అయింది, సరిగ్గా సడలడం లేదు. రక్తనాళాలు గట్టిపడి గుండెకి భారమవుతోంది. వేళకి వచ్చారు," అన్నాడు. మందులు రాశాడు. అదే పంపింగ్. అదే కాగితం. మనిషి మాత్రమే వేరు. రాస్తూ రాస్తూ తలెత్తి అడిగాడు: "ఈ పరీక్ష చేయించుకోమని మీకెవరు చెప్పారు?"

ఒక పేరు. అంతే. ఆ పేరుగల మనిషి మీ మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చున్నాడు, అతన్నీ చూడండి అనే ఒక్క వాక్యం. వేలమంది ముందు వణకని నాలుక అక్కడ అడ్డం తిరిగింది. రక్తం తీసేవాడు చెయ్యి పట్టుకుని చెప్పాడంటే ఈయన నన్నేమనుకుంటాడు? సభలో నేను నవ్వించింది ఈయనా విన్నాడు కదా? "నాకే అనుమానం వచ్చింది," అన్నాను.

"మీలాంటి చదువుకున్నవాళ్ళు ఇలా గమనించుకుంటే మాకు సగం పని తప్పుతుంది," అన్నాడాయన.

కిందికి వచ్చాను. గోడ పట్టుకుని లేచాడు.

"ఏమన్నడు సార్?"

"నువ్వు చెప్పిందే అన్నాడు."

"నేను చెప్పిన అని చెప్పిన్రా?"

"చెప్పాను."

అబద్ధం నోటికి ఎంత సులువుగా వస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. అతని మొహం విప్పారింది. ఆరేళ్ళలో నేను చూడని నవ్వు అది. "గట్లనా! మరి నా ముచ్చట?"

వెనక్కి తిరిగి ఇరవై మెట్లు ఎక్కితే సరిపోయేది. తర్వాతిసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. "వచ్చే నెలలో రమ్మన్నాడు," అన్నాను. ఆ నెల డాక్టరు చెప్పింది కాదు. నేను పుట్టించింది. చేతిలో బూడిద పుట్టించేవాడికి కనీసం చెయ్యి తిప్పే నేర్పుండాలి. నాకు అదీ అక్కర్లేకపోయింది.

అతను నెల ఆగాడు. ఊపిరాడని మనిషి, రాత్రిళ్ళు కుర్చీలో కూర్చుని నిద్రపోయే మనిషి, పెద్దమనిషి చెప్పాడని నెల రోజులు ఆగాడు. ఈలోపు అతనిచ్చిన ఆచూకీతో దొరికిన మందులు నేను పూటపూటా వేసుకున్నాను. నాకు ఆయాసం తగ్గింది.

ఇప్పుడు ఆ కొత్తమ్మాయి చెప్పిన రెండో మాట.

"పోయే ముందటి వారం నారాయణగూడ డాక్టరు తానికి పోయిండు సార్. ఎవరో పెద్దమనిషి అన్న గురించి మంచిగ చెప్పిండట. ఈసారి మంచిగ చూస్తడు అని ఇస్త్రీ అంగి ఏసుకొని పోయిండు. వచ్చి బాక్సు తుడుసుకుంట కూసున్నడు. ఏమైందన్నా అంటే, నా గురించి ఎవ్వరు చెప్పలేదన్నడు, మళ్ళ గదే గ్యాసు గోలీలు రాసిండు అన్నడు. మరి ఆ సారు చెప్పిన అన్నడు గద అన్న నేను."

"ఏమన్నాడు?"

ట్యూబుని తలకిందులు చేసి లేపుతోంది, ఎనిమిదిసార్లు. అతనే నేర్పి ఉంటాడు. వంటింట్లోంచి తొమ్మిది వినబడలేదు.

"మర్చిపోయినట్టున్నడు, పెద్దోళ్ళకు మస్తు పనులుంటయి గద, అన్నడు."

ఆమె ట్యూబు మీద నా పేరున్న చీటీ అంటించి, దూది నొక్కి పట్టుకోమని చెప్పి, డబ్బా మూసుకుని వెళ్ళిపోయింది. ఆ పెద్దమనిషి ఎవరో మీకు తెలుసా సార్ అని అడగలేదు. అడిగి ఉంటే మళ్ళీ ఏదో ఒకటి పుట్టించేవాణ్ణి కానని ప్రమాణం చెయ్యలేను.

నేను మరిచిపోలేదు. అతను నన్ను క్షమించడానికి వెతుక్కున్న ఆ ఒక్క కారణం కూడా నిజం కాదు.